ప్రవేశపరీక్షకు ముహూర్తము

పెండ్లికిని, గృహప్రవేశమునకును, తుదకు విత్తనము చల్లుటకును మనవారు ముహూర్తము చూతురు. తిథివారములు కుదిరినచో సంతసింతురు గాని, నేల పదునెక్కినదా లేదా యను విచారము ఒక్కొక్కప్పుడు వెనుకబడుచుండును. వైద్యకళాశాలలో చేరుటకు వ్రాయు ప్రవేశపరీక్ష విషయమునను నేడు మన యిండ్లలో ఇట్టిదే జరుగుచున్నది. ఈ యేడే వ్రాయవలెనా, ఒక యేడు నిలిచి మరల వ్రాయవలెనా, రెండుమారులు తప్పినవారు మూడవమారు కూర్చుండవచ్చునా యని తలిదండ్రులు రాత్రులు మేలుకొని తర్కించుకొందురు. చుట్టములు సలహాలు చెప్పుదురు. కోచింగు నడపువారు వాకిటికే వచ్చి ఆశలు పెట్టిపోవుదురు. ఈ ముహూర్తములను పెట్టినవా రెవరు, వానివలన ఎవరికి మేలు కలిగెను, ఎవరు వెలి నుండిపోయిరి యను చరిత్రమును విచారించువారు మాత్ర మరుదు. ఆ చరిత్రమును ఓరుగంటి వైపునుండి పరిశీలించి చదువరుల ముందుంచుటయే మా యీ ప్రయత్నము.

హనుమకొండలోని సుబేదారి యీ విచారమునకు తగిన తావు. నిజాము పాలనమున వరంగల్లు సుబాపై అధికారియైన సుబేదారు పేరిట ఆ పేట వెలసినది. ఆ పదవి గతించినది, పేరు నిలిచినది. నేడచ్చట నున్న విశ్వవిద్యాలయ కళా విజ్ఞాన కళాశాల తన పుట్టుకను 1927 నుండి లెక్కించుకొనుచున్నది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయ మేర్పడినది. సమీపమున వరంగల్లులో 1959 నాటి కాకతీయ వైద్యకళాశాలయు, మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలయు గలవు. రాష్ట్రమంతటికిని వైద్యవిద్యా ప్రవేశములను నడపు కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమును ఈ నగరముననే యున్నది. 1914లో జన్మించి 2002లో గతించిన కాళోజీ హనుమకొండలో చదివి, ఇచ్చటనే జీవించిన ప్రజాకవి. ఇన్ని గుమ్మములు కనుచూపుమేర నున్న ఈ పేటలోని విద్యార్థికే, వానిలో నడుగిడుటకు వేళ యేదియో తెలియని కలత ఎక్కువగా నున్నది.

మన ప్రాంతమున ఆధునిక వైద్యవిద్య 1846లో హైదరాబాదున మొదలైనది. నాసిరుద్దౌలా నిజాముగా నుండగా స్థాపింపబడిన ఆ వైద్యపాఠశాలలో తొలుత బోధన ఉర్దూలో జరిగెను. నేటివంటి ప్రవేశపరీక్ష అప్పుడు లేదు. అంతమాత్రమున తలుపు అందరికిని తెరచియుండె ననుకొనరాదు. ఉర్దూ నేర్వని పల్లెటూరి తెలుగు బాలునకు ఆ పాఠశాల ఉన్నను లేనట్లే. ఓరుగంటి నుండి హైదరాబాదు చేరి, అచ్చట తిండికిని బసకును ఏర్పాటు చేసికొనగలవాడే చదువు మాట తలపెట్టగలిగెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మారంభమై, వైద్యకళాశాల దానిలో చేరిన పిదప బోధనభాష మరల ఉర్దూయే యయ్యెను. 1948లో సంస్థానము భారతదేశమున కలిసిన తరువాతగాని ఆ పద్ధతి మారలేదు. అనగా ఆ కాలపు తెలుగు విద్యార్థి వైద్యము నేర్చుటకు ముందు మరియొక భాషను నేర్చుటకై కొన్ని యేండ్లు వెచ్చింపవలసి వచ్చినది. ఆ యేండ్లను ఎవరును లెక్కలో వ్రాయలేదు.

స్త్రీల మాట చెప్పనక్కరలేదు. హైదరాబాదు పాఠశాల పుట్టిన దాదాపు నలువదేండ్లకు, 1885లో, ఎడ్వర్డు లారీ అధికారిగా నున్నప్పుడు వారికి ప్రవేశము కలిగినది. ఆ తొలిజట్టులోని రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో హకీము పట్టమునంది, శస్త్రచికిత్సలందు క్లోరోఫారము నిచ్చు విద్యలో పేరుగాంచెను. మదరాసులో 1835లో వైద్యపాఠశాల వెలసినది. అచ్చట స్త్రీలు చేరినది 1875లో. రెండుచోట్లను నలువదేసి యేండ్లు. ఆ నలువదేండ్లలో మన దేశమున చదువగల బాలికలు పుట్టలేదా? పుట్టిరి. వారికి ముహూర్తము పెట్టువారు లేకపోయిరి. పరీక్షకు తగిన కాలమేది యను ప్రశ్నకు చరిత్రము చెప్పు మొదటి యుత్తర మిది: చిరకాలము ఆ కాలమును నిర్ణయించినది విద్యార్థి సిద్ధత గాదు, తలుపు చేతిలో నున్నవారి యిష్టము.

వయస్సును గోడగా కట్టు విద్యయు దొరతనము వారికి బాగుగా తెలియును. సివిలు సర్వీసు పరీక్షను లండనులో పెట్టినప్పుడు తొలుత 23 ఏండ్లుగా నున్న గరిష్ఠవయస్సు క్రమముగా తగ్గుచు వచ్చి 1878 నుండి 19 ఏండ్లకు దిగినది. సముద్రము దాటి, పరభాషలో, పందొమ్మిదేండ్లకే ఆ పరీక్షలో నెగ్గు భారతీయు లెందరు? చట్టమున ఎవరిని వలదనలేదు, లెక్క మాత్రము మార్చిరి. అంతకు ముందే, 1869లో, సురేంద్రనాథ బెనర్జీ పరీక్షలో నెగ్గియు, వయస్సు మించినదను పేరిట తొలగింపబడెను. మనవారు నడచుచున్న యేటిని వయస్సుగా చెప్పుదురు, వారు నిండిన యేండ్లను లెక్కింతురు. ఆ భేదము నాతడు న్యాయస్థానమున నిరూపించి తన స్థానమును మరల పొందెను. పిమ్మట వయోపరిమితిని తగ్గించినప్పుడు దేశమంతట తిరిగి ఆందోళనము చేసినవారిలో ఆతడే ముందు నిలిచెను. వయస్సు తుదకు మరల 23 ఏండ్లకు పెరిగినది. ఈ పాత కథను మే మేల చెప్పుచున్నామో ముందు తేటపడును.

ఒకమారు తప్పినవారు పనికిరానివారను భ్రమను పోగొట్టుటకు తెలుగుదేశమున ఒక్క పేరు చాలును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు నెగ్గెను. మదరాసు వైద్యకళాశాలలో చదివియు, పూర్ణపట్టము గాక దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందెను. 1923లో అమెరికా చేరి హార్వర్డులో చదివి, ఫిస్కేతో కలిసి రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనెను. కండరములకు శక్తి ఎట్లు కలుగునో తెలుపు పరిశోధన చేసెను. లెడర్లీ పరిశోధనశాలలో ఫోలికామ్లము, మెథోట్రెక్సేటు, ఆరియోమైసిను, హెట్రజాను మొదలగు మందులు వెలువడుటకు నాయకుడై, 1948లో గతించెను. మూడవమారు వ్రాయుట సిగ్గుమాలిన పనియని అతని యింటివా రానాడు తలచి యుండినచో లోకమునకు ఎంత నష్టము కలిగెడిదో యూహింపుడు.

కాని యీ కథలో మరియొక భాగము గలదు. దానిని చెప్పువారు తక్కువ. సుబ్బారావు వైద్యవిద్యకు ధనసహాయము చేసినవారు మిత్రులును, తరువాత పిల్లనిచ్చిన మామయైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును. మూడవమారు వ్రాయుటకు పట్టుదల యొక్కటియే చాలదు. ఆ యేడాది అన్నము పెట్టువా రొకరుండవలెను. పట్టుదలను మెచ్చుకొని అన్నము మాట మరచువారు చరిత్రమును సగమే చదివినవారు.

ఇక ఓరుగంటికి మరలుదము. 1956లో ఆంధ్రప్రదేశ మవతరించినది. అప్పటికి హైదరాబాదున ఉస్మానియా, 1954 నాటి గాంధీ వైద్యకళాశాలలును, ఆంధ్రప్రాంతమున విశాఖపట్టణము, గుంటూరు కళాశాలలును గలవు. 1959లో వరంగల్లున కాకతీయ వైద్యకళాశాల వెలయుటతో ఈ సీమ బిడ్డలు తమ యూరికి దాపుననే వైద్యము నేర్చు వీలు కలిగినది. ఆ దినములలో ప్రవేశమునకు ఆధారము అంతకుముందు నెగ్గిన పరీక్షలోని మార్కులు. అనగా విద్యార్థి యెప్పుడు వ్రాయవలెనను ప్రశ్నయే ప్రత్యేకముగా లేదు. చదువు ముగిసినది, మార్కులు వచ్చినవి, కొలత అయిపోయినది. అయితే వేర్వేరు విశ్వవిద్యాలయములు వేర్వేరు కొలతలతో నిచ్చిన మార్కులను ఒక్క త్రాసులో తూచుట న్యాయమా యను చిక్కు పుట్టినది. 1970 ప్రాంతమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వైద్యకళాశాలలకు వేరుగా ప్రవేశపరీక్ష పెట్టెను. మంచి మార్కులు వచ్చినవారికి మరల పరీక్ష యేలయని కొందరు న్యాయస్థానమున కెక్కిరి. 1971లో సుప్రీంకోర్టు, సీట్లు కొద్దియై కోరువారు పెక్కురైనప్పుడు ప్రభుత్వము తన కళాశాలలకు పరీక్ష పెట్టి యెన్నుకొనవచ్చునని తీర్పు చెప్పినది. భారతదేశపు ప్రవేశపరీక్షల చరిత్రమున ఆ తీర్పు ఒక మైలురాయి. అది పుట్టినది మన తెలుగునాటి వ్యాజ్యమునుండి.

1983లో ప్రవేశములను క్రమపరచి, చందాల పేరిట కళాశాలలు సొమ్ము గుంజుటను నిషేధించు చట్టము వచ్చినది. ఆ దశకముననే ఎంసెట్ అను ఉమ్మడి పరీక్ష వేరూనినది. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము ఒక్కొక్కదానికి నలువది చొప్పున 160 ప్రశ్నలు, మూడు గంటల కాలము, తప్పు వ్రాసిన మార్కు కోతలేదు, ప్రశ్నలు తెలుగులోను గలవు. డబ్బు సంచితో వచ్చువానికిని, చేనుగట్టున చదివి వచ్చువానికిని ఒక్కటే ప్రశ్నపత్రము. ఈ సంస్కరణమును మేము తక్కువ చేయజాలము. సిఫారసులకును చందాలకును అది కొంత కళ్ళెము వేసినది.

అయినను ఈ పద్ధతి తనతో మరియొకదానిని తెచ్చినది. దీనినే మేము ముఖ్యముగా గమనింపుమని కోరుచున్నాము. మార్కులనుబట్టి యెన్నుకొను కాలమున తీర్పు దాదాపు ఒక్కమారే. ప్రవేశపరీక్ష యేటేట క్రొత్తగా జరుగును. నిరుటి వైఫల్యమును అది యడుగదు. కావున మరల వ్రాయు నవకాశము పుట్టినది, దానితోపాటు మరల వ్రాయు విద్యార్థియు పుట్టెను. మన బజారులలో అతనికి ‘లాంగ్‌టర్మ్’ అని పేరు. ఇంటర్మీడియట్ పరీక్షల పిదప కొద్దివారములు చదువునది షార్ట్‌టర్మ్, ఏడాదంతయు చదువునది లాంగ్‌టర్మ్. జపానులో ఇట్టివారిని ‘రోనిన్’ అందురు. ఏలిక లేక తిరుగు యోధునకు పూర్వము చెల్లిన పే రది. కళాశాలకు చెందక, ఇంటికిని పూర్తిగా చెందక, నడిమి తావున నిలిచినవారికి ఆ పేరు రెండు దేశములందును తగియున్నది.

ఈ రెండవ యవకాశము కాగితముపై అందరిది. ఆచరణలో అది యేడాది ఖర్చు భరింపగలవారిది. కోచింగు రుసుము, హాస్టలు బిల్లు, ఆ యేడు ఆ బిడ్డ సంపాదనము గాని యింటిపనికి తోడు గాని లేకుండుట, ఇవన్నియు కలిపి యొక యేడాది వెల. ఉద్యోగి కుటుంబమునకది కొంత బరువు. కౌలురైతు కుటుంబమునకు అప్పుపత్రము. ఒక్కటే ప్రశ్నపత్రము, ఒక్కటే గడియారము. కాని ఒకనికి మూడు ముహూర్తములు, మరియొకనికి ఒక్కటియే. సమానమైన పరీక్షలో అసమానమైనది ప్రశ్న గాదు, ఏడాది.

బాలికల విషయమున ఈ యేడాది వెల మఱింత యెక్కువ. కుమారుడు తప్పినచో ‘వచ్చే యేడు కొట్టుకొని వచ్చును’ అందురు. కుమార్తె తప్పినచో సంబంధముల మాట యెత్తుదురు. అతని యేడాది పెట్టుబడి, ఆమె యేడాది ఆలస్యము! 2024లో నీట్ పరీక్షకు పేరు నమోదు చేసికొన్నవారు దేశమంతట 24 లక్షలకు పైగా నుండగా, వారిలో సగమునకు మించినవారు బాలికలు. 1885లో ఐదుగురుగా హైదరాబాదు పాఠశాల మెట్లెక్కినవారి సంతతి యిట్లు పెరిగినందుకు మేము సంతసించుచున్నాము. కాని గుమ్మమున సమానత వచ్చినను, ఇంటి లెక్కలో ఏడాదికి రెండు ధరలున్నంతవరకు ఆ సంతోషము పూర్ణము గాదు.

పరీక్ష కాలమును నిర్ణయించుటలో విద్యార్థికంటె ఏలినవారి చేయి యెంత పెద్దదో 2016వ సంవత్సరము చక్కగా చూపినది. దేశమంతటికిని ఒక్క వైద్య ప్రవేశపరీక్షయని 2010లో వైద్యమండలి ప్రకటించినది. 2013 మే 5న నీట్ తొలిమారు జరిగినది. ఆ యేడు జూలైలోనే సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. 2016 ఏప్రిల్ 11న ఆ తీర్పును తానే వెనుకకు తీసికొని, 28న ఆ యేడే నీట్ జరుపవలెనని యాజ్ఞాపించినది. అప్పటికి తెలంగాణ విద్యార్థులు ఎంసెట్‌కు సిద్ధమైయుండిరి. మే 24న కేంద్రము అత్యవసరశాసనముచే ఆ యొక్క యేటికి రాష్ట్రములకు మినహాయింపు నిచ్చినది. జూలై 9న తెలంగాణమున వైద్యవిద్యకై ఎంసెట్–2 జరిగినది. జూలై 24న నీట్ రెండవవిడత. ఇంతలో ఎంసెట్–2 ప్రశ్నపత్రము ముందే బయటపడెనని తేలి, ఆ పరీక్షను రద్దు చేసిరి. సెప్టెంబరు 11న ఎంసెట్–3. వేసవితో ముగియవలసిన చదువు వర్షకాలము దాటి సాగినది. తప్పు చేసినవారు కొందరు, మరల వ్రాసినవారు వేలకొలది. న్యాయముగా ర్యాంకు తెచ్చుకొన్న బాలికకును, పత్రము కొనుక్కొన్నవానికిని ఒక్కటే శిక్షయైనది.

2017 నుండి వైద్యవిద్యకు ఎంసెట్ లేదు, నీట్ ఒక్కటియే. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్మీడియట్ మార్కులకు నూటికి ఇరువదియైదు పాళ్ళు కలుపు పద్ధతియు దానితో పోయినది. ప్రశ్నలు తెలుగులోను దొరకుచున్నను కోరువారు కొద్దిమందియే. సరియైన యుత్తరమునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. ఊహించి గుర్తుపెట్టు పాత యలవాటు ఇచ్చట చేటు తెచ్చును. కాలమును విద్యార్థి చేతిలో నిలువలేదు. 2020లో మహమ్మారి కారణమున మే 3 నాటి పరీక్ష జూలై 26కును, పిమ్మట సెప్టెంబరు 13కును జరిగిపోయినది. 2024 మే 5 నాటి పరీక్షలో కొన్నిచోట్ల పత్రము బయటపడిన యలజడి న్యాయస్థానమున కెక్కగా, జూలై 23న సుప్రీంకోర్టు పరీక్షను పూర్తిగా రద్దుచేయ నిరాకరించినది. ఫలితము వెలువడిన పిదప ఆ తీర్పు వచ్చువరకు, అది నిలుచునో లేదో తెలియక విద్యార్థులు గడపిరి.

ఇప్పుడు వయస్సు మాట. అభ్యర్థికి ప్రవేశపు టేడు డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండవలెను. పైపరిమితి విషయమున మాత్రము సురేంద్రనాథుని కాలపు కథ మరల నడచినది. 2017లో సామాన్యవర్గముల వారికి 25 ఏండ్లు, రిజర్వేషనుగల వారికి 30 ఏండ్లు దాటరాదని నియమము పెట్టిరి. 2018లో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించినది. సుప్రీంకోర్టు తాత్కాలికముగా వ్రాయనిచ్చినది. తుదకు 2021 అక్టోబరులో జాతీయ వైద్యమండలి పైపరిమితి వలదని నిశ్చయించి, 2022 మార్చిలో ఆ మాటను లోకమునకు తెలిపినది. కుటుంబభారముచేత చదువు ఆపినవారికి, బిడ్డలను పెంచి తిరిగి పుస్తకము పట్టిన తల్లులకు ఇది గొప్ప మేలు. చట్టము కట్టిన వయస్సు గోడ కూలినది. మిగిలినది మన యిండ్లలో మనము కట్టుకొన్న గోడ.

స్థానికత నియమమును తెలిసికొనుటయు అవసరము. 1974 నాటి రాష్ట్రపతి యుత్తరువు, ఇంటర్మీడియట్ వంటి అర్హతపరీక్షకు మొదటిమారు కూర్చున్న యేటితో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఎచ్చట చదివిరో దానినిబట్టి స్థానికతను లెక్కించుట నేర్పినది. తెలంగాణ ప్రభుత్వము 2024లో చేసిన నియమమును 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించుటతో తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు ఇచ్చట చదువుట ముఖ్యమైనది. పేరుగల కోచింగు కొరకు పదవ తరగతి కాగానే బిడ్డను పొరుగు రాష్ట్రమునకు పంపు తలిదండ్రులు ఈ సంగతిని ముందే విచారింపవలెను. ఏ యేడు వ్రాయవలెనను విచారముకంటె, ఎచ్చట చదివి వ్రాయవలెనను విచారము ముందుగా రావలసినది.

గుమ్మములును పెరిగినవి. 2014లో తెలంగాణమున ప్రభుత్వ వైద్యకళాశాలలు ఐదే. 2024 నాటికి ముప్పదికి మించినవి. ఓరుగంటి చుట్టుపట్ల మహబూబాబాదు, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటలకును కళాశాలలు వచ్చినవి. అచ్చటి బోధకుల సంఖ్యయు, వైద్యశాలల వసతులును పేరునకు తగినట్లు ఎదుగవలసియున్న మాట నిజమే. అయినను 1959కి ముందు హైదరాబాదు బండి యెక్కక తప్పని సీమకు ఇది తక్కువ మార్పు గాదు.

ఇంతవరకు చెప్పిన చరిత్రమునుండి మేము గ్రహించినది, ఇంటింట నడచుచున్న తర్కమునకు పనికివచ్చునది, ఇట్లున్నది. పరీక్ష వ్రాయుట వేరు, ఏడాదిని ధారపోయుట వేరు. ఈ రెంటిని కలుపుటచేతనే కలత పుట్టుచున్నది. మొదటి యేడు వ్రాయుటవలన నష్టము లేదు. ఎన్నిమారులు వ్రాయవచ్చునను లెక్కకు నేడు కట్టుబాటు లేదు, వయస్సునకు పైపరిమితియు లేదు. సిద్ధత చాలలేదని మొదటిమారు మానివేయుట, ఈతరాదని నీటి యొడ్డున నిలిచిపోవుట వంటిది. ఆ మూడు గంటల వేడి ఎట్టిదో కూర్చున్నవానికే తెలియును. నిజముగా విచారింపవలసినది ఫలితము వచ్చిన పిదప రెండవ యేటిని గురించియే.

అప్పుడు మూడు సంగతులు చూడవలెను. మొదటిది, లోటు ఎచ్చట నున్నది? భౌతికశాస్త్రమున తడబాటో, కాలము చాలకపోవుటో, తప్పులకు పోయిన మార్కులో, కారణము కాగితముపై వ్రాయగలిగినచో అది మందుగల రోగము. ‘అదృష్టము లేదు’ అని మాత్రమే చెప్పగలిగినచో రెండవ యేడును అట్లే గడచును. రెండవది, ఆ యేటి ఖర్చు ఎవరు భరింతురు, ఆ భారమువలన చెల్లెలి చదువు ఆగునా? అక్క ర్యాంకు కొరకు చెల్లెలి బడి మాన్పించుట వైద్యము గాదు, వ్యాధి. మూడవది, కోరినది ఎవరు? బిడ్డ కోరినచో ఏడాది తపస్సు, తండ్రి పంతముకొరకైనచో ఏడాది శిక్ష. ఇట్టి శిక్షలు భరింపలేక హాస్టలు గదులలో ప్రాణములు తీసికొన్న బిడ్డల వార్తలు మన పత్రికలలో ఎన్నిమారులు చదివితిమి! ర్యాంకు తెచ్చుటకు బిడ్డను పంపి, బిడ్డనే పోగొట్టుకొన్న యింట ఇక ఏ ముహూర్తము పనికివచ్చును?

హద్దును ముందే పెట్టుకొనుట మేలు. ఫలితము రాకముందు, మనస్సు కుదురుగా నున్నప్పుడు, ఇన్నిమారులు వ్రాసి ఆపుదుమని తలిదండ్రులు బిడ్డతో కూర్చుండి నిశ్చయింపవలెను. ఆ హద్దునకు అవతల దారి యొకటి తెరచియుంచవలెను. దంతవైద్యము, ఆయుర్వేదము, హోమియో, నర్సింగు, ఔషధశాస్త్రము ఉన్నవి. సుబేదారి కళాశాల వంటిచోట జీవశాస్త్రములు చదివి పరిశోధనకు పోవు త్రోవ యున్నది. రోగికి మేలుచేయు విద్య ఒక్క ఎం.బి.బి.ఎస్.తో ముగియదు. సుబ్బారావు లోకమునకు మేలు చేసినది రోగి మంచముకడ నిలిచి గాదు, పరిశోధనశాలలో.

ఇండ్లవారు చేయవలసినది చెప్పితిమి. సంఘము చేయవలసినదియు గలదు. 1904లో, తెలుగునకు రాజాశ్రయము లేని కాలమున, హనుమకొండ పెద్దలు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. చదువుకొన దలచినవానికి పుస్తకమును, దీపమును, కూర్చుండు చోటును చూపుట తమ ధర్మమని వారు భావించిరి. నేడు ఏడాది నిలిచి చదువవలసిన పేదబిడ్డకు కావలసినదియు అదియే: నిశ్శబ్దమైన గది, మంచి పుస్తకములు, సందేహము తీర్చు గురువు, మధ్యాహ్నము అన్నము. ప్రతి పేటలో నిట్టి చదువుగది యొకటి వెలయుట అసాధ్యము గాదు. విశ్రాంతి పొందిన అధ్యాపకులు వారమున రెండు పూటలిచ్చినను, వైద్యకళాశాల విద్యార్థులు తాము దాటిన గట్టును వెనుకవారికి చూపినను, లక్షలు పోసిన కోచింగు చేయు పనిలో సగమైనను జరుగును.

పూర్వము తలుపు భాషచేత మూయబడెను, తరువాత స్త్రీత్వము పేరిట, తరువాత వయస్సు పేరిట. ఆ గడియలను ఒక్కొక్కటిగా తీసినవారు న్యాయస్థానముల కెక్కినవారు, తొలిమెట్టు తొక్కిన స్త్రీలు, మూడవమారు వ్రాసిన పట్టుదలవారు. మిగిలిన గడియ ఏడాది వెల. దానిని తీయుట ఏ తీర్పువలనను కాదు. పుత్రుని యేటికిని పుత్రిక యేటికిని ఒక్క ధర కట్టు ఇండ్లును, ధనవంతుని యేటికిని పేదవాని యేటికిని నడుమ వంతెన కట్టు పేటలును పూనుకొన్నప్పుడే అది తొలగును. అట్లు తొలగిన నాడు, ఎప్పుడు వ్రాయవలెనని యడుగు బిడ్డకు పంచాంగము విప్పనక్కరలేదు. ‘నీవు సిద్ధమైననాడు’ అని చెప్పిన చాలును.